ఆ గురక ఊపిరా, కాదా? (సీపీఆర్, అంటే గుండె ఆగినవారి ఛాతీ నొక్కడం, తెలిసినవారు చెప్పండి)

వంటింటి కిటికీ | ఫిబ్రవరి 6, రాత్రి 10.42

కనుమ నాడు మా మామయ్యగారు పోయారు. అరవై ఎనిమిదేళ్ళు. ఓదార్పు కోసం రాయడం లేదు, ఆ పని చుట్టాలు చేస్తూనే ఉన్నారు. ఒక్క సందేహం నన్ను మూడు వారాలుగా నిద్రపోనివ్వడం లేదు.

పొద్దున ఏడున్నర. గేదెలను కడిగి, బొట్లు పెట్టి వచ్చి వరండాలో నవారు మంచం మీద కూర్చుని కాఫీ అడిగారు. నేను గ్లాసు తెచ్చేసరికి పక్కకు ఒరిగిపోయి ఉన్నారు. పిలిస్తే పలకలేదు. కళ్ళు సగం తెరిచే ఉన్నాయి. చేతులు రెండు మూడుసార్లు కొట్టుకున్నాయి. గొంతులోంచి గురక లాంటి శబ్దం వస్తోంది, ఆగి ఆగి. ఒడ్డున పడ్డ చేపలా నోరు తెరుస్తున్నారు. "ఊపిరి ఉంది, ఊపిరి ఉంది" అన్నారు అత్తయ్య. మరిది అరికాళ్ళు రుద్దాడు. నేను మొహాన నీళ్ళు చల్లాను. పక్కింటివారు తాళాల గుత్తి తెచ్చి చేతిలో పెట్టారు. ఐదారు నిమిషాలకు ఆ గురక కూడా ఆగిపోయింది. అప్పుడు 108కి ఫోను చేశాం. వాళ్ళు వచ్చి చాలాసేపు ఛాతీ నొక్కారు. లాభం లేకపోయింది.

ఆ ఐదారు నిమిషాలు వచ్చినది ఊపిరా, కాదా? నాకు తెలియాల్సింది అంతే. దయచేసి నన్ను ఊరడించడానికి అబద్ధం చెప్పకండి.

రాత్రి డ్యూటీ | ఫిబ్రవరి 6, రాత్రి 11.15

కాదమ్మా. అది ఊపిరి కాదు.

నేను ఐసీయూలో నర్సును, పందొమ్మిదేళ్ళ సర్వీసు. మీరు అబద్ధం వద్దన్నారు కాబట్టి సూటిగా చెబుతున్నాను. గుండె ఆగినా మెదడు అడుగుభాగంలో కాస్త ప్రాణం మిగిలి ఉంటుంది. అది చివరిసారిగా గాలి కోసం ఎగదన్నుతుంది. గురకలా, ఎక్కిలిలా, మీరన్నట్టు చేప నోరు తెరిచినట్టు ఉంటుంది. ఆ గాలితో ఊపిరితిత్తులకు ఒరిగేది ఏమీ లేదు. చేతులు కొట్టుకోవడం కూడా అందులో భాగమే. మెదడుకు నెత్తురు ఆగిన క్షణంలో మూర్ఛ వచ్చినట్టు కొన్ని కుదుపులు వస్తాయి. అందుకే పక్కింటివారు తాళాలు తెచ్చారు. వాళ్ళు చూసింది వాళ్ళకు ఫిట్స్ లాగే కనిపించింది.

ఇంకో మాట కూడా నిజమే. మీరు మొదటి నిమిషంలోనే మొదలుపెట్టినా ఆయన బతికేవారని నేను చెప్పలేను. ఎవరూ చెప్పలేరు. మా వార్డులో, చేతికందే దూరంలో అన్నీ ఉండి కూడా పోగొట్టుకున్నవాళ్ళు ఉన్నారు.

మత్తు డాక్టరు | ఫిబ్రవరి 7, ఉదయం 6.20

రాత్రి డ్యూటీ గారు చెప్పినది అక్షరాలా నిజం. ఈ గురకను ఊపిరనుకోవడం మీ ఒక్క ఇంట్లో జరిగినది కాదు, ప్రపంచమంతా జరుగుతుంది. అందుకే శిక్షణలో ఇప్పుడు "ఊపిరి ఉందా" అని అడగం, "మామూలుగా ఊపిరి తీసుకుంటున్నారా" అని అడుగుతాం. భుజాలు తట్టి గట్టిగా పిలవండి. పలకలేదు. పది సెకన్లకు మించకుండా ఛాతీ వైపు చూడండి. నిద్రపోతున్న మనిషి ఛాతీలా లేచి పడుతూ ఉంటే ఊపిరి. ఎప్పుడో ఒకసారి నోరు తెరిచి గుర్రుమంటే గుండె ఆగినట్టే లెక్క. నాడి చూస్తూ కూర్చోవద్దు. అలవాటు లేనివారికి ఆ కంగారులో తమ వేలి నాడే తమకు కొట్టుకుంటుంది.

గుండెపోటు, గుండె ఆగిపోవడం రెండూ ఒకటే అనుకుంటారు చాలామంది. మన వార్తాపత్రికలు కూడా అలాగే రాస్తాయి, అది నాకు పాత కోపం. గుండెపోటు అంటే గుండె కండకు నెత్తురు తెచ్చే గొట్టం పూడుకుపోవడం. మనిషికి స్పృహ ఉంటుంది, నొప్పి అంటాడు, చెమటలు పడతాయి, మాట్లాడతాడు. గుండె ఆగడం అంటే మోటారే నిలిచిపోవడం, లేదా ఊరికే గిలగిలలాడుతూ నీరు తోడకపోవడం. మనిషి కూలిపోతాడు. మొదటిది రెండోదానికి దారి తీయవచ్చు. సీపీఆర్ రెండోదానికే. స్పృహ ఉండి ఛాతీ నొప్పి అంటున్న మనిషి ఛాతీ నొక్కకండి, ఆసుపత్రికి తీసుకుపోండి.

నొక్కితే ఏమవుతుందో చెబుతాను, ఇది అర్థమైతే మిగతావన్నీ వాటంతట అవే గుర్తుంటాయి. పాత బోరింగు పంపు కొట్టారు కదా. మొదట ఐదారు కొట్లకు చుక్క రాదు, గొట్టంలో నీరు పైకి లేస్తూ ఉంటుంది. తరువాత ధార పడుతుంది. మధ్యలో చెయ్యి వదిలితే నీరు దిగిపోతుంది, మళ్ళీ మొదటినుంచి కొట్టాలి. ఛాతీ కూడా అంతే. గుండెకూ మెదడుకూ నెత్తురు చేరేంత ఒత్తిడి పెరగడానికి చాలా నొక్కులు పడతాయి. "లేచాడా చూద్దాం" అని ఆగిన ప్రతిసారీ ఆ కూడబెట్టినదంతా పోతుంది.

పాత బడిపంతులు | ఫిబ్రవరి 7, ఉదయం 8.05

నల్లగొండ జిల్లాలో ముప్ఫై నాలుగేళ్ళు చదువు చెప్పినవాడిని. డాక్టరుగారి బోరింగు ఉపమానం నాకు ముందే తెలిసి ఉంటే ఎనిమిదో తరగతి జీవశాస్త్రంలో వాడుకునేవాడిని.

అమ్మా, తాళాల సంగతి. మా చిన్నప్పుడు ఉల్లిపాయ వాసన చూపించేవారు, చెప్పు వాసన కూడా. ఇనుము పట్టించేవారు. ఫిట్స్ చాలావరకు రెండు మూడు నిమిషాలలో వాటంతట అవే తగ్గుతాయి. తాళం వల్ల తగ్గిందని ఊరు నమ్మింది. మీ పక్కింటివారి మీద కోపం పెట్టుకోకండి.

నాకొక సందేహం. ఒంటరిగా ఉన్నప్పుడు గుండెపోటు వస్తే గట్టిగా దగ్గుతూ ఉంటే బతుకుతారని వాట్సాప్‌లో ఏటా వస్తుంది. మా విశ్రాంత ఉద్యోగుల గుంపులో నిన్న కూడా వచ్చింది. నిజమేనా?

రాత్రి డ్యూటీ | ఫిబ్రవరి 7, ఉదయం 8.31

కాదు మాస్టారూ. గుండె ఆగితే కొద్ది సెకన్లలో స్పృహ పోతుంది, దగ్గేది ఎవరు? స్పృహ ఉందంటే గుండె నడుస్తోందనే. అప్పుడు దగ్గుతూ కూర్చోకుండా 108కి చెయ్యాలి, తలుపు గడియ తీసిపెట్టుకోవాలి. ఆ సందేశం పంపినవారికి నా తరఫున నమస్కారం చెప్పండి.

కంకర రోడ్డు | ఫిబ్రవరి 7, మధ్యాహ్నం 1.12

అందరూ 108 అంటున్నారు. మాది ఏజెన్సీ పక్క ఊరు. మొన్న వానలకు 108 రావడానికి యాభై నిమిషాలు పట్టింది. యాభై నిమిషాలు ఛాతీ నొక్కుతూ కూర్చోవాలా? ఆటోలో వేసుకుని పోవడం తప్పా? పట్నం వాళ్ళు పట్నం వాళ్ళకు రాసుకున్నట్టుంది ఇదంతా.

108 మాజీ పైలట్ | ఫిబ్రవరి 7, మధ్యాహ్నం 2.40

2005 ఆగస్టు 15న హైదరాబాద్‌లో 108 మొదలైంది. రెండేళ్ళ తరువాత చేరాను, పదకొండేళ్ళు బండి నడిపాను. మమ్మల్ని డ్రైవరు అనరు, పైలట్ అంటారు, అది చెప్పుకోవడం నాకిష్టం. కాబట్టి నాలుగు మాటలు.

ఫోనెత్తగానే "మా నాన్న పడిపోయాడు, తొందరగా రండి" అని ఏడుస్తూ పెట్టేస్తారు. ఏ ఊరో చెప్పరు. ముందు చోటు చెప్పండి. మండలం, ఊరు, గుర్తు. గుడి, నీళ్ళ ట్యాంకు, సెల్ టవరు, రేషను దుకాణం, ఏదో ఒకటి. ఆ తరువాత "స్పృహ లేదు, ఊపిరి సరిగ్గా లేదు" అనండి. ఆ రెండు ముక్కలు వింటే లోపలున్న టెక్నీషియను వేరేగా సిద్ధమవుతాడు. ఫోను స్పీకరులో పెట్టి నేల మీద ఉంచండి, చేతులు ఖాళీగా ఉండాలి. ఒక కుర్రాడిని రోడ్డు మలుపుకు పరిగెత్తించండి, రాత్రయితే టార్చితో. మీరు నమ్మరు, ఊళ్ళోకి వచ్చాక ఇల్లు వెతకడానికి ఐదు నిమిషాలు పోయిన కేసులు నాకెన్నో గుర్తున్నాయి. అపార్ట్‌మెంటయితే లిఫ్టును కింద ఆపి ఉంచండి.

కంకర రోడ్డు గారూ, మీ బాధ నాకు తెలుసు, ఆ రోడ్లమీదే నా నడుము పోయింది. ఆటో సంగతి డాక్టరుగారు చెబితే బాగుంటుంది.

మత్తు డాక్టరు | ఫిబ్రవరి 7, రాత్రి 9.50

కంకర రోడ్డు గారి కోపం న్యాయమైనది. మన దేశంలోని పరిస్థితులు చూసుకునే భారత మత్తు వైద్యుల సంఘం 2017లో మామూలు జనం కోసం వేరే పద్ధతి రాసింది. దాని పేరు కోల్స్, అంటే నొక్కడం ఒక్కటే. నోట్లో ఊదడం లేదు. మూడే మెట్లు: గుర్తుపట్టి ఫోను చెయ్యడం, వెంటనే నొక్కడం మొదలుపెట్టడం, తొందరగా ఆసుపత్రికి చేర్చడం. మూడో మెట్టు ఉందని గమనించండి. తరలించడం తప్పని ఎవరూ అనలేదు.

వరస ముఖ్యం. ముందు బండి వెతకడానికి పది నిమిషాలు పరిగెత్తి, తరువాత నొక్కడం మొదలుపెడితే అప్పటికే మెదడు పోయి ఉంటుంది. నెత్తురు అందకపోతే నాలుగు నుంచి ఆరు నిమిషాలలో మెదడు చెడిపోవడం మొదలవుతుంది. కాబట్టి ఒకరు నొక్కుతుండగా ఇంకొకరు బండి చూడాలి.

రాత్రి డ్యూటీ | ఫిబ్రవరి 7, రాత్రి 10.08

డాక్టరుగారూ, ఒక్క విషయంలో మీతో ఏకీభవించలేను. ఆటో వెనక సీటులో మనిషిని ముడిచి కూర్చోబెట్టి తెచ్చినవాళ్ళనే నేను అత్యవసర విభాగం గుమ్మంలో చూశాను. మెడ వాలిపోయి ఉంటుంది, దారిపొడుగునా ఎవరూ నొక్కి ఉండరు, నొక్కడానికి చోటూ ఉండదు. "తరలించవచ్చు" అంటే జనానికి వినబడేది "ఆటోలో పడెయ్యి" అనే.

మత్తు డాక్టరు | ఫిబ్రవరి 7, రాత్రి 10.30

ఒప్పుకుంటున్నాను, నేను అరకొరగా రాశాను. కూర్చోబెట్టి తీసుకుపోవడం పనికిరాదు. వెల్లకిలా పడుకోబెట్టగలిగే బండి, కింద గట్టి పలక, నొక్కడానికి కనీసం ఇద్దరు ఉంటేనే ఆలోచించండి. అప్పుడు కూడా కుదుపుల బండిలో నొక్కు సగం వృథా అవుతుంది, నొక్కేవాడు పడి దెబ్బ తగిలించుకుంటాడు. 108కి ఫోను చేసి "మేము ఫలానా బండిలో ఫలానా దారిలో వస్తున్నాం" అంటే ఎదురు రమ్మనవచ్చు. యాభై నిమిషాల దూరానికి మంచి జవాబు నా దగ్గర లేదు. ఏదో ఉందని నటించడం ఇష్టం లేదు.

కంకర రోడ్డు | ఫిబ్రవరి 7, రాత్రి 10.41

ఈ ఆఖరి మాటకు కృతజ్ఞతలు. ఇప్పుడు నొక్కడం ఎలాగో చెప్పండి, నేర్చుకుంటాను.

రాత్రి డ్యూటీ | ఫిబ్రవరి 8, ఉదయం 5.55

డ్యూటీ దిగి బస్సులో రాస్తున్నాను.

మంచం మీద వద్దు. నవారు గానీ, నులక గానీ, పరుపు గానీ, మీరు నొక్కితే కిందికి దిగేది మంచం, ఛాతీ కాదు. చంకల కింద చేతులు వేసి నేల మీదికి లాగండి. వెల్లకిలా. పక్కన మోకాళ్ళ మీద కూర్చోండి. అరచేతి మడమ, అంటే మణికట్టు దగ్గర గట్టి భాగం, రొమ్ము ఎముక కింది సగం మీద, ఛాతీకి నట్టనడుమ పెట్టండి. ఎడమవైపు గుండె ఉందని ఎడమకు జరగకండి. దాని మీద రెండో చెయ్యి, వేళ్ళు పెనవేసి. మోచేతులు వంచకూడదు, భుజాలు సరిగ్గా చేతుల పైన ఉండాలి. బలం చేతులది కాదు, నడుము పైభాగం బరువంతా దించాలి. రోకలి పట్టి దంచినవాళ్ళకు ఇది వెంటనే వస్తుంది, కుర్రవాళ్ళు చేతులతో నెట్టి రెండో నిమిషానికే అలసిపోతారు.

లోతు ఐదు సెంటీమీటర్లకు తగ్గకూడదు, ఆరు దాటకూడదు. రెండు అంగుళాల పైన కొంచెం. నొక్కిన ప్రతిసారీ ఛాతీని పూర్తిగా పైకి లేవనివ్వండి, మీద వాలి ఉండిపోకండి. లేచినప్పుడే గుండెలోకి నెత్తురు దిగుతుంది. వేగం నిమిషానికి 100 నుంచి 120. రెండు నిమిషాలకోసారి మనిషి మారాలి. "నాకు ఓపిక ఉంది" అనే వీరత్వం వద్దు. మీకు తెలియకుండానే లోతు తగ్గిపోతుంది.

పక్కటెముక విరిగిన చప్పుడు రావచ్చు. మొదటిసారి విన్నప్పుడు నేను చెయ్యి తీసేశాను, మా సిస్టరు వెనకనుంచి అరిచింది. ఎముక అతుకుతుంది. ఆపకండి.

తాళం తప్పినవాడు | ఫిబ్రవరి 8, ఉదయం 9.17

నిమిషానికి 110 అంటే ఎంతో గడియారం లేకుండా ఎలా తెలుస్తుంది? ఇంగ్లీషు పాటలు చెబుతారు, మాకు రావు. కోలాటం వేగం సరిపోతుందా?

108 మాజీ పైలట్ | ఫిబ్రవరి 8, ఉదయం 9.44

కోలాటం మొదట్లో సరిపోతుంది, చివరికి వచ్చేసరికి మా ఊరి ఆడవాళ్ళు 200 దాటిస్తారు. భజన కూడా అంతే.

మాకు శిక్షణ ఇచ్చినాయన ఒక చిట్కా చెప్పాడు. తెలుగులో ముప్ఫై దాకా లెక్కపెట్టకండి అనేవాడు. "ఒకటి రెండు మూడు" చకచకా సాగుతాయి, "పద్ధెనిమిది, పందొమ్మిది, ఇరవైయొకటి" దగ్గరికి వచ్చేసరికి నోరు నెమ్మదిస్తుంది, నోటితోపాటు చెయ్యి కూడా నెమ్మదిస్తుంది. పది దాకా లెక్కపెట్టి మళ్ళీ ఒకటికి రండి. సెకనుకు దాదాపు రెండు. పైకే లెక్కపెట్టండి, పక్కవాడికి ఎప్పుడు మారాలో తెలుస్తుంది.

ఫ్రిస్కో నుంచి | ఫిబ్రవరి 8, రాత్రి 8.26

టెక్సస్ నుంచి రాస్తున్నాను. వంటింటి కిటికీ గారికి నా సానుభూతి.

రెండేళ్ళ క్రితం మా బ్యాడ్మింటన్ కోర్టులో నలభై నాలుగేళ్ళ మన తెలుగాయన సర్వీసు చెయ్యబోయి కూలిపోయారు. నేను 911కి చేశాను. అవతలి ఆవిడ నాచేత ఒక్కో మెట్టు చేయించింది, నాతోపాటు లెక్కపెట్టింది. మా అబ్బాయి గోడ మీదున్న ఏఈడీ పెట్టె, అంటే గుండెకు కరెంటు షాకు ఇచ్చే యంత్రం, తెచ్చాడు. ఇక్కడ బడి పూర్తి చేసేలోపు పిల్లలకు సీపీఆర్ నేర్పాలన్న నియమం ఉంది, వాడికి నాకన్నా బాగా తెలుసు. మూత తియ్యగానే అదే మాట్లాడింది. చొక్కా తీసి, చెమట తుడిచి, అందులోని జిగురు అట్టల్లో ఒకటి కుడి మెడ ఎముక కింద, ఇంకోటి ఎడమ చంక కింద పక్కటెముకల మీద అంటించాం. "ఎవరూ తాకవద్దు" అంది. షాకు కొట్టింది. వెంటనే మళ్ళీ నొక్కమంది. అవసరం లేనివారికి అది షాకు కొట్టదు, నిర్ణయం దానిదే, అందుకని భయపడేది లేదు. ఆయన ఇప్పుడు నాకన్నా బాగా ఆడుతున్నారు, కొంచెం అసూయగా కూడా ఉంది.

కాఫీ ఫిల్టర్ | ఫిబ్రవరి 8, రాత్రి 8.50

అమెరికా కథలు బాగానే ఉంటాయి. ఇక్కడ ఏఈడీ ఎక్కడ ఉంది? నొక్కి ఎముక విరిగి మనిషి పోతే చుట్టాలు కొట్టకుండా వదులుతారా? పోలీసు కేసు ఎవరి మీద?

కంచరపాలెం వకీలు | ఫిబ్రవరి 8, రాత్రి 9.33

కేసు గురించి చెబుతాను. మంచి మనసుతో, ఎదుటి మనిషి మేలు కోసం, ఆయన ఒప్పుకునే స్థితిలో లేనప్పుడు చేసిన పనికి పాత శిక్షాస్మృతిలో 92వ సెక్షను రక్షణ ఇచ్చేది. ఇప్పటి భారతీయ న్యాయ సంహితలో అదే 30వ సెక్షను. రోడ్డు ప్రమాదాలకైతే ఇంకా స్పష్టంగా ఉంది. సాయపడినవారికి రక్షణగా కేంద్రం ఇచ్చిన మార్గదర్శకాలకు 2016లో సుప్రీంకోర్టు చట్టబద్ధత కల్పించింది, 2019 సవరణతో మోటారు వాహనాల చట్టంలో 134ఎ సెక్షను చేరింది. చుట్టాలు కొట్టడం గురించి మాత్రం సెక్షన్లు ముందుగా ఏమీ చెయ్యలేవు, ఒప్పుకుంటాను.

కానీ కాఫీ ఫిల్టర్ గారూ, ఊపిరి లేక, గుండె లేక పడి ఉన్న మనిషిని మీరు ఇంతకన్నా ఏం చంపుతారు?

మత్తు డాక్టరు | ఫిబ్రవరి 8, రాత్రి 10.15

వకీలుగారి ప్రశ్నే నేను తరగతి మొదట్లో అడుగుతాను.

ఇక్కడ ఏమీ లేదనడం కూడా పూర్తిగా సరికాదు. 2023 ఫిబ్రవరిలో హైదరాబాద్ ఆరాంఘర్ దగ్గర బస్సు కోసం నిలబడిన మనిషి కూలిపోతే ట్రాఫిక్ కానిస్టేబుల్ రోడ్డు మీదే నొక్కి బతికించిన వీడియో అందరూ చూశారు. ఆ తరువాతే తెలంగాణ ప్రభుత్వం పోలీసులకూ, మునిసిపల్ సిబ్బందికీ శిక్షణ మొదలుపెట్టింది. 2024 మేలో విజయవాడ అయ్యప్పనగర్‌లో కరెంటు షాకు తగిలిన ఆరేళ్ళ పిల్లవాడికి అటుగా వెళుతున్న డాక్టరమ్మ వీధిలోనే చేసి ప్రాణం నిలిపారు. ఆ రెండు చోట్లా ఏఈడీ లేదు. చేతులే ఉన్నాయి.

పెట్టెలు ముఖ్యమే. నొక్కేవారు కూడా లేకుండా పోయే ఒక్కో నిమిషానికి షాకుతో బతికే అవకాశం నూటికి ఏడు నుంచి పది చొప్పున తగ్గిపోతుంది. నొక్కుతూ ఉంటే ఆ తరుగు నెమ్మదిస్తుంది. 2021 జూన్‌లో యూరో పోటీల్లో డెన్మార్క్ ఫుట్‌బాల్ ఆటగాడు ఎరిక్సన్ మైదానంలో కూలినప్పుడు నొక్కడమూ, షాకూ రెండూ కొద్ది నిమిషాలలోనే అందాయి. ఆయన మళ్ళీ ఆడాడు. ఆ దేశంలో అది అదృష్టం ఒక్కటే కాదు. 2005 నుంచి బడుల్లో సీపీఆర్ నేర్పడం తప్పనిసరి చేశారు, డ్రైవింగ్ లైసెన్సు కావాలన్నా నేర్చుకోవాలి. 2001లో పడిపోయినవారిలో నూటికి 21 మందికి పక్కనున్నవారు సీపీఆర్ చేసేవారు, 2010కి 45 మంది అయ్యారు. నెల రోజుల తరువాత బతికున్నవారు నూటికి 3.5 నుంచి 10.8కి పెరిగారు. అంత శ్రమపడినా పదకొండు మందే అని నిట్టూర్చవచ్చు, మూడింతలయ్యారని కూడా చూడవచ్చు.

హాస్టల్ నంబర్ 9 | ఫిబ్రవరి 9, ఉదయం 7.02

అడగడానికి మొహమాటంగా ఉంది, అయినా అడుగుతున్నాను. బస్సులో పడిపోయింది అమ్మాయి అయితే? మగవాళ్ళు చెయ్యి వెయ్యడానికి వెనకాడతారు. నేనైతే వెనకాడే మగవాడిని తిట్టలేను కూడా, తరువాత ఎవరేమంటారో అని వాళ్ళకూ ఉంటుంది.

రాత్రి డ్యూటీ | ఫిబ్రవరి 9, ఉదయం 7.40

మంచి ప్రశ్న తల్లీ. బయటి దేశాలలో కూడా బహిరంగ స్థలాలలో ఆడవాళ్ళకు సీపీఆర్ తక్కువగా అందుతోందని పరిశోధనలు చెబుతున్నాయి. నొక్కడానికి బట్టలు తియ్యనక్కరలేదు, చీర మీదనుంచే, చున్నీ మీదనుంచే చెయ్యవచ్చు. చెయ్యి పెట్టేది రొమ్ముల మధ్య ఎముక మీద. ఏఈడీ అట్టలు మాత్రం ఒంటికి అంటాలి, మంగళసూత్రం పక్కకు జరిపితే చాలు. చుట్టూ నలుగురు ఆడవాళ్ళు చీర కొంగులు అడ్డం పట్టుకుని నిలబడమనండి. ప్రసవాలకు నిలబడినవాళ్ళమే కదా, దీనికీ నిలబడతాం.

పాత బడిపంతులు | ఫిబ్రవరి 9, ఉదయం 11.20

నీళ్ళలో మునిగినవారి మాట. వేసవి వస్తోంది. మా ఊరి క్వారీ గుంతలో ఏడేళ్ళ క్రితం నా పాత విద్యార్థి మునిగాడు. బయటికి తీసి, తలకిందులుగా భుజాన వేసుకుని గిరగిరా తిప్పారు, పొట్ట నొక్కారు, నీళ్ళు కక్కించాలని. అది కూడా తప్పేనా?

మత్తు డాక్టరు | ఫిబ్రవరి 9, మధ్యాహ్నం 3.05

తప్పే మాస్టారూ. పొట్ట నొక్కితే అందులోని నీళ్ళూ అన్నమూ పైకి వచ్చి ఊపిరితిత్తుల్లోకి పోతాయి. తిప్పడంలో పోయేది సమయం.

నొక్కడం ఒక్కటే చాలన్న మాటకు ఇక్కడ మినహాయింపు ఉంది. వంటింటి కిటికీ గారి మామయ్యగారిలా ఉన్నట్టుండి పడిపోయిన పెద్దవారి నెత్తుట్లో ఇంకా కొన్ని నిమిషాలకు సరిపడా ప్రాణవాయువు ఉంటుంది, దాన్ని తిప్పితే చాలు. మునిగినవారిలో అది ముందే అయిపోయి ఉంటుంది. ఖాళీ నెత్తురును తిప్పి ఏం లాభం? అందుకని తల కొంచెం వెనక్కి వంచి, గడ్డం ఎత్తి, ముక్కు మూసి, ముందు రెండు ఊపిర్లు ఊదాలి, తరువాత 30 నొక్కులకు రెండు ఊపిర్లు. పసిపిల్లలకూ ఊపిరి ముఖ్యం, వాళ్ళలో సాధారణంగా ముందు ఆగేది ఊపిరే. పిల్లల ఛాతీ మందంలో మూడో వంతు లోతు నొక్కితే చాలు. పిల్లల పద్ధతి మాత్రం చదివి నేర్చుకునేది కాదు, బొమ్మ మీద నేర్చుకోండి.

కరెంటు మోటారు దగ్గర పడిన మనిషిని ముట్టుకునే ముందు మెయిను తియ్యండి. ప్రతి ఏడాదీ పొలాల్లో రెండో శవం కాపాడబోయినవాడిదే.

తాళం తప్పినవాడు | ఫిబ్రవరి 9, సాయంత్రం 6.48

బొమ్మ అంటే గుర్తొచ్చింది. ఆ శిక్షణ బొమ్మ ముఖం వెనక కథ ఉంది. పారిస్‌లో సీన్ నదిలో దొరికిందని చెప్పుకునే పేరు తెలియని అమ్మాయి ముఖం అచ్చు అది. నార్వేలో ఆటబొమ్మలు చేసే లేర్డాల్ అనే ఆయన 1960లో ఆ ముఖంతోనే మొదటి బొమ్మ చేశాడు. ఛాతీ నొక్కే పద్ధతిని అమెరికాలో జాన్స్ హాప్కిన్స్ వైద్యులు ప్రకటించినదీ ఆ ఏడే. ఎవరూ కాపాడలేకపోయిన అమ్మాయి నోటితో లోకమంతా ఊపిరి ఊదడం నేర్చుకుంది. చర్చ దారి తప్పితే క్షమించండి.

వంటింటి కిటికీ | ఫిబ్రవరి 23, రాత్రి 9.30

ఇన్నాళ్ళూ చదువుతూనే ఉన్నాను, రాయడానికి చెయ్యి రాలేదు. రాత్రి డ్యూటీ గారూ, మీరు "కాదమ్మా" అన్న రాత్రి బాగా ఏడ్చాను. తరువాత నిద్ర పట్టింది. మూడు వారాల్లో మొదటిసారి.

అత్తయ్యకు ఎలా చెప్పాలో తెలియలేదు. "ఊపిరి ఉంది" అన్నది ఆవిడే. చివరికి మరిది ఫోనులో ఈ చర్చంతా చదివి వినిపించాడు. ఆవిడ ఏమీ అనలేదు. మర్నాడు "ఆ బొమ్మ ఎక్కడ దొరుకుతుంది" అని అడిగారు.

మొన్న ఆదివారం తెనాలిలో నేర్పుతుంటే ముగ్గురం వెళ్ళాం. సరైన లోతుకు నొక్కితే బొమ్మ లోపల టిక్కుమంటుంది. మరిదికి మొదటిసారే టిక్కుమంది, నాకు నాలుగోసారికి. అత్తయ్య మోకాళ్ళ నొప్పులతో కింద కూర్చోలేక, దిండు వేసుకుని కూర్చున్నారు. పదకొండోసారికి టిక్కుమంది. ఆ తరువాత కూడా ఆపలేదు, నేర్పే అమ్మాయి చాలండి అనేదాకా.

ఇప్పుడు పాల కేంద్రం దగ్గర మా ఊళ్ళోనే పెట్టిద్దామని మరిది తిరుగుతున్నాడు. ఇరవై ఆరు మంది పేర్లు ఇచ్చారు. పక్కింటివారు కూడా. బొమ్మ ఒక్కటే దొరికింది. ఎవరి దగ్గరైనా ఇంకొకటి ఉందా?

108 మాజీ పైలట్ | ఫిబ్రవరి 23, రాత్రి 9.52

గుంటూరులో మా పాత టెక్నీషియను దగ్గర రెండు ఉన్నాయి. అడిగాను, ఇస్తానన్నాడు. ఆదివారం పొద్దున తొమ్మిదికి నేనే తెస్తాను. ఊరు, మండలం విడిగా సందేశం పెట్టండి. ఇంటి గుర్తు?

వంటింటి కిటికీ | ఫిబ్రవరి 23, రాత్రి 9.58

నీళ్ళ ట్యాంకు పక్క సందులో రెండో ఇల్లండీ. వరండాలో నవారు మంచం ఉంటుంది. మలుపు దగ్గర మరిదిని నిలబెడతాను.